కారు కొండెక్కింది

ఏప్రిల్ 6

వదినా,

నేను కొండెక్కాను. కారు కూడా కొండెక్కింది, కానీ దీపం కొండెక్కినట్టు.

నాకు ఏమీ కాలేదు. ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకుని, ఆ తర్వాతే కిందకి రా. ఇక్కడ ఫోను పలకదని తెలిసీ ‘చేరగానే కబురు చెయ్యి’ అన్నావు కదా, ఇదే ఆ కబురు. పాలవ్యాను డ్రైవరు కిందకి వెళ్తూ దీన్ని పోస్టు డబ్బాలో వేస్తాడు.

మీ ఇంటి ముందు కదిలినప్పుడు బండి ఎంత ముద్దుగా ఉందో చూశావుగా. అన్నయ్య తన షెడ్డులో రోజంతా దాని కిందే పడుకుని, ఆయిలు మార్చి, రేడియేటరులో పాత నీళ్లు తీసేసి, పై పైపు కొత్తది వేసి, చివరికి అద్దాలు కూడా తుడిచి పంపాడు. కొండ మొదలయ్యేదాకా వెన్నలా నడిచింది. ఎత్తు ఎక్కుతుంటే పంచదార మాడుతున్న వాసన వచ్చింది. దారిపక్క ఇంట్లో ఎవరో పొయ్యి మీద ఏదో మరిచిపోయారనుకుని జాలిపడ్డాను. కాసేపటికి తెలిసింది, మాడుతున్నది నా బండే అని. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. పక్కకి తీసేలోపే ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది.

ఆవిరి తగ్గేదాకా ఒక రాయి మీద కూర్చున్నాను. నా భయమంతా వెనక సీట్లో ఉన్న టీకాల పెట్టె గురించే. గొర్రెలకి జబ్బు రాకముందే వెయ్యాల్సిన మందు అది, ఐసు కరిగిందంటే పనికిరాదు. అదృష్టం, పాలవ్యాను పైకి వస్తూ కనిపించింది. టీకాలు పాలకేంద్రంలో చల్లటి గదిలోకి చేరాయి. నేను వాటి తర్వాత చేరాను. కారు తాడు కట్టించుకుని అన్నిటికంటే చివర చేరింది. ఇప్పుడు పాలకేంద్రం షెడ్డులో ఖాళీ డబ్బాల మధ్య నిలబడి ఉంది.

అన్నయ్య అడుగుతాడు, ఏమైందని. పై పైపు చీలిపోయిందని చెప్పు. నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. రబ్బరు కదా, ఎప్పుడు చీలుతుందో ఎవరు చెప్పగలరు. ఎవరి తప్పూ లేదు. టీ తాగాక చెప్పు, తాగే ముందు కాదు.

రేపటి నుంచి గొర్రెల దగ్గరికి నడకే.

నీ పాదచారి మరదలు


ఏప్రిల్ 12

పిచ్చుకా,

చిన్నప్పుడు నీ వాగుడు భరించలేక మీ అన్నయ్య పెట్టిన పేరు నీకెంత బాగా అతికిందో నీ ఉత్తరం చూస్తే తెలుస్తుంది. ఇంజను పేలిపోయినా కబుర్లు మానవు. నవ్వాను, తర్వాత నువ్వు ఆ రాయి మీద ఒంటరిగా కూర్చున్నది తలుచుకుని నవ్వు ఆపేశాను.

టీ తాగాక చెప్పమన్నావు. నాకంత ఓపిక ఎక్కడిది, సగంలోనే చెప్పేశాను. వినగానే ఆయన చేతిలో కప్పు కిందపడి పగిలింది. ముక్కలు నా కుట్టు మిషను కిందదాకా వెళ్లాయి.

“చీలడమా? కొత్తది వేశానే!” అన్నారు.

“రబ్బరు కదా అని రాసింది.”

“రబ్బరైతే? వారం తిరక్కుండా చీలే రబ్బరు ఏ ఫ్యాక్టరీలో చేస్తున్నారట?”

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కళ్ళజోడాయన కొట్టుకి వెళ్లారు. స్పేరు పార్టులన్నీ ఆయన దగ్గరే కొంటారని నీకు తెలుసు. ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, సాయంత్రమైతే ఆ కొట్టు ముందు బెంచీ మీద ఒకళ్ల పక్కన ఒకళ్లు కూర్చోకపోతే తోచదు. అలాంటిది, వీధంతా వినేలా అరుచుకున్నారు. “నువ్వు అమ్మేది రబ్బరా, రొట్టెముక్కా? మా చెల్లెలు లోయలో పడుంటే?” అని ఈయన. “అదే పెట్టెలో పైపులు ఊరందరికీ ఇచ్చాను, మీ చెల్లెలి బండికే చీలిందా?” అని ఆయన. షెడ్డులో ఉన్న పైపులన్నీ తెచ్చి బెంచీ మీద పడేసి వచ్చేశారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అలా చూస్తూ నిలబడిపోయాడట.

ఆ చీలిన పైపు పాలవ్యానులో పంపించు. దాన్ని ఆయన మొహం మీద పెట్టి చూపిస్తారట. ఇంకో మాట కూడా అన్నారు, రాయనా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. “ముల్లు ఎర్రగీత దాకా వెళ్లేవరకు ఇది ఏం చూస్తోంది, మేఘాలా?” అన్నారు. కోపంలో అన్నదే, మనసులో పెట్టుకోకు.

హోటలు వాళ్ల యూనిఫారాలకి కాలర్లన్నీ తిరగేసి కుట్టాను. మళ్లీ విప్పుతున్నాను. నా బుర్ర కూడా ఈ గొడవలోనే ఉంది.

వదిన


ఏప్రిల్ 17

వదినా,

గొడవ ఇంతదూరం వెళ్తుందని అనుకోలేదు. కళ్ళజోడాయన పాపం చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపేవాడు. అన్నయ్యని ఆ బెంచీ దగ్గరికి వెళ్లి మాట్లాడమని చెప్పు. పైపు నా దగ్గర లేదు, పారేశాను. చెత్తలో కలిసిపోయింది.

తప్పు నాదేనని రాసుకో. అన్నయ్య అన్నది నిజమే, ముల్లు చూడకుండా మేఘాలే చూశాను. నా నిర్లక్ష్యం వల్ల ఇంజను వేడెక్కింది, పైపు మీద ఒత్తిడి పెరిగింది, చీలింది. ఇలా చెప్పు. కథ ఇక్కడితో ఆపేద్దాం.

ఇక్కడ ఒక మేక నా స్టెతస్కోపు గొట్టం నమిలేసింది. దాని గుండె వినడానికి వెళ్లాను, అది నన్ను వినకుండా చేసింది.

పిచ్చుక


ఏప్రిల్ 23

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. వింటున్నంతసేపు నేల వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, “వేడెక్కితే పైపు చీలిందా, పైపు చీలితే వేడెక్కిందా? మొదటి ఉత్తరంలో ఒకటి, రెండో ఉత్తరంలో ఇంకొకటి. పైపు పారేసిందట. పాత చెప్పు కూడా పారెయ్యని మనిషి ఇది.”

దీనికి జవాబు ఉందా నీ దగ్గర?

ఆయన లెక్క ఏమిటంటే, నువ్వు బండిని కిందనున్న ఊళ్లో ఎవరికో చూపించావు. ఆ మెకానిక్ ఈయన పని గురించి ఏదో వంక పెట్టాడు. అది చెప్పడానికి మొహమాటపడి నువ్వు ఇన్ని మెలికలు తిప్పుతున్నావు. “సొంత చెల్లెలే నా పని ఇంకొకడికి చూపించి సరిచూసుకుంటే, ఊళ్లో వాళ్లకి నేనేం చెప్పను?” అన్నారు. ఆ రోజంతా షెడ్డు తలుపు సగం దించే ఉంది.

నాకూ బాధగానే ఉంది, దాచుకోను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాతో మొదట మాట్లాడింది నువ్వే. ఒకే దుప్పట్లో దూరి మీ ఇంటి రహస్యాలన్నీ చెప్పేశావు. ఇప్పుడు నాకు కూడా చెప్పరానిది ఏం వచ్చింది? మేక కబుర్లు బాగానే ఉన్నాయి గానీ, వాటి వెనక నువ్వు దాక్కోవడం నాకు కనిపిస్తోంది.

బెంచీ ఖాళీగానే ఉంది. కళ్ళజోడాయన సాయంత్రం ఒక్కడే కొట్టు లోపల కూర్చుంటున్నాడు.

వదిన


ఏప్రిల్ 28

వదినా,

సరే. ఇది నీకు మాత్రమే. చదివాక ఏం చెయ్యాలో నువ్వే చూసుకో.

పైపు చీలలేదు. నేను ఎవరికీ చూపించలేదు. బండి చల్లారాక బానెట్టు నేనే ఎత్తాను. కొత్త పైపు గీత కూడా పడకుండా ఉంది. ఇంజను మూతి మీంచి ఊడి వచ్చి పక్కకి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే ఇనుప క్లిప్పు, అదే, మర తిప్పి బిగిస్తారే, అది పైపు మీద వదులుగా గాజులా తిరుగుతోంది. మరని నా వేళ్లతో తిప్పాను. తిరిగింది. స్క్రూడ్రైవరు అక్కర్లేకుండానే.

ఆ క్లిప్పు అన్నయ్యే బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. పళ్లు బిగపట్టి, మెడ నరాలు ఉబ్బేలా తిప్పాడు. అందుకే నాకు అర్థంకాలేదు. అన్నయ్య క్లిప్పు బిగిస్తే మళ్లీ విప్పడానికి అన్నయ్యే రావాలని కదా ఊళ్లో అనేవాళ్లు.

ఆ రాయి మీద కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. రేడియేటరులో పోసే కూలెంటు డబ్బా మూత తియ్యబోయి నాకు ఇచ్చాడు, “నువ్వు తియ్యి, నా చేతికి నూనె” అని. చెయ్యి పొడిగానే ఉంది. పడిన వాషరుని నేల మీంచి తియ్యడానికి చాలాసేపు తడుముకున్నాడు. అది కళ్లెదురుగానే ఉంది, చూపు తప్పు కాదు, వేళ్లే దాన్ని పట్టుకోలేకపోయాయి. మాటల్లో పడి నేను పట్టించుకోలేదు. వదినా, అన్నయ్య కుడి చెయ్యి ఎలా ఉంది? నీకు ఏమైనా కనిపించిందా?

అబద్ధం ఎందుకు చెప్పానంటే, నా కోసం రోజంతా ఇష్టంగా చేసిన పని అది. దానిమీదే తప్పు వేలెత్తి చూపించడం నా వల్ల కాలేదు. పైపు మీదికి నెట్టేస్తే పైపుకి బాధ ఉండదనుకున్నాను. పైపు అమ్మిన మనిషి ఒకడు ఉంటాడని తట్టలేదు.

నన్ను తిట్టు, కానీ జవాబు రాయి.

పిచ్చుక


మే 4

పిచ్చుకా,

తిట్టాను. నీ ఉత్తరం మడిచి మిషను డ్రాయరులో పెట్టి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మనసులో నిన్ను తిట్టాను. ఆయన పనిలో తప్పట! ఆ మాట నువ్వు రాస్తావా అని. కుడుతున్న చొక్కా మీద నీళ్లు పడ్డాక తెలిసింది, నాకు కోపం నీ మీద కాదని.

చాలా రోజులుగా ఆయన చొక్కా బొత్తాలు నేనే పెడుతున్నాను. మొదట్లో సరదాకి అడుగుతున్నారనుకుని మురిసిపోయాను కూడా, ఏం చెప్పను. తర్వాత చూశాను, బొత్తం వేళ్ల మధ్య ఆగడం లేదు. తెల్లవారేసరికి మంచం అంచున కూర్చుని చెయ్యి విదిలించుకుంటూ ఉంటారు. తిమ్మిరి అంటారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే “మెకానిక్ చెయ్యి బాగాలేదని ఊరంతా తెలిస్తే షెడ్డుకి తాళమే” అన్నారు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. నీకు కూడా. ముఖ్యంగా నీకు. “దానికి తెలిస్తే ఇంజెక్షను పట్టుకుని దిగుతుంది” అన్నారు.

కప్పు పడింది కోపంతో కాదు. నువ్వు కోపంతోనే అనుకోవాలని అలా రాశాను. నువ్వొకటి దాచావు, నేనొకటి దాచాను. మధ్యలో పాపం కళ్ళజోడాయన.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇదంతా ఎలా చెప్పాలా అనుకుంటుండగానే, ఇవాళ పొద్దున్న టూల్‌బాక్సు పట్టుకుని బస్సెక్కారు. నీ దగ్గరికే. “చెత్తలో వెతికైనా ఆ పైపు తెస్తాను. ఎవరిది తప్పో తేలిపోవాలి” అన్నారు. నేను నోరు విప్పలేకపోయాను. ఈ ఉత్తరం కంటే ముందే ఆయన నీ గుమ్మంలో ఉంటారు. ఆయన్ని మెల్లగా చూసుకో. నిజం చెప్పు, కానీ మెల్లగా.

నీ వదిన


మే 7

వదినా,

అన్నయ్య ఇది నీకు చేరేలోపే ఇంటికి వచ్చేసి ఉంటాడు. తను ఎంతవరకు చెప్తాడో తెలియదు కాబట్టి ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాలవ్యానులో డబ్బాల మధ్య నిలబడి వచ్చాడు. టూల్‌బాక్సు ఎడమచేతిలో. మంచినీళ్లు ఇస్తే తాగాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“పైపు ఏది?”

నేను లోపలికి వెళ్లి బీరువా కింద నుంచి తీసి ఇచ్చాను. పారేశానన్నావే అని అడగలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి చూశాడు. వంచాడు. ఒక చివర అరచేత్తో మూసి రెండో చివర ఊదాడు.

“చీలలేదు కదే.”

“చీలలేదు.”

“ఎవడు చెప్పాడు చీలిందని?”

“నేనే.”

“క్లిప్పు ఇవ్వు” అని మాత్రం అన్నాడు. ఇద్దరం పాలకేంద్రం షెడ్డుకి నడిచాం. దారిలో నేను మాట్లాడలేదు. వదినా, నేను మాట్లాడకుండా అంతదూరం నడవడం అదే మొదటిసారి అనుకుంటాను.

బానెట్టు ఎత్తి, పైపు మూతికి తొడిగి, క్లిప్పు పెట్టి, స్క్రూడ్రైవరుతో తిప్పాడు. మళ్లీ అదే, పళ్లు బిగపట్టి, మెడ నరాలు ఉబ్బేలా. “ఇదిగో, ఇలాగే బిగించాను. చూసుకో” అని పక్కకి జరిగాడు.

నాకు చెయ్యి రాలేదు. “చూడవే” అన్నాడు. రెండు వేళ్లతో మర పట్టుకుని తిప్పాను. తిరిగింది. ఇంకా తిరిగింది. అన్నయ్య నా మొహం చూడలేదు, నా వేళ్లనే చూస్తున్నాడు.

“జరుగు” అని మళ్లీ బిగించాడు. నేను మళ్లీ తిప్పగలిగాను. ఈసారి స్క్రూడ్రైవరు ఎడమచేతికి మార్చుకుని, అలవాటులేని చేత్తో తడబడుతూ బిగించాడు. అది కదల్లేదు. నేను ఎంత తిప్పినా కదల్లేదు.

స్క్రూడ్రైవరు తుడిచి పెట్టెలో పెట్టాడు. ఒక పాల డబ్బా బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

“నేను బిగిస్తున్నాననే అనుకుంటున్నానే పిచ్చుకా. భుజం దాకా నొప్పి వచ్చేలా బిగిస్తున్నాను. ఆ బలమంతా ఎటు పోతోందో తెలియడం లేదు. బిగిసిందో లేదో చెయ్యి చెప్పేది నాకు. ఇప్పుడు చెప్పడం లేదు.”

నేను పక్కన నేల మీదే కూర్చున్నాను. చెయ్యి ఇమ్మన్నాను. కళ్లు మూసుకోమని దూదితో ఒక్కో వేలినీ తాకి చూశాను. చిటికెన వేలికి తెలిసింది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలికి తాకింది దూదో, నా గోరో తెలియలేదు. బొటనవేలి కింద మెత్తగా ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ చదునైపోయింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే ఇలా అవుతుంది. నేను పశువుల డాక్టరునే, కానీ నరం నరమే. “ఎద్దుని కూడా ఇంత మెల్లగా చూడవు నువ్వు” అన్నాడు. “ఎద్దు ఇన్నాళ్లు దాచదు” అన్నాను. నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడికో పోయింది.

“ఈ మధ్య నా చేతిలోంచి ఎన్ని బళ్లు బయటికి వెళ్లాయో తెలుసా నీకు?” అన్నాడు.

నా కారు తర్వాత అన్నయ్య మనసులోకి వచ్చింది అదే. నాలుగు రోజులు ఉండమన్నాను. ఉండలేదు. నా ఇంజను స్టార్టు చేసి చూశాడు. రేడియేటరులో బుడగలు వస్తున్నాయి. వేడికి ఇంజను పైమూత, అదే హెడ్డు, వంగిపోయిందట, లారీలో కిందకి పంపమన్నాడు. అంత మాత్రం చెప్పి, తిరిగి వెళ్లే పాలవ్యాను ఎక్కేశాడు.

ఎక్కుతూ ఏమన్నాడో తెలుసా? “అబద్ధం చెప్పినందుకు నీ మీద కోపం లేదు. కానీ ఇంకెప్పుడూ నా పని మీద జాలి పడకు.”

చేతి డాక్టరు పేరు వెనక వైపు రాశాను. ఇద్దరూ వెళ్లండి. ఒక్కడినే పంపకు, దారిలో బస్సు మార్చేస్తాడు.

పిచ్చుక


జూన్ 2

పిచ్చుకా,

ఇన్నాళ్లు రాయలేదని అలిగి ఉంటావు. ఇంట్లో కుట్లు రెండు చోట్ల పడ్డాయి. నా మిషను మీద, మీ అన్నయ్య మణికట్టు మీద.

నువ్వు అన్నది నిజమే. నరం మీద పట్టీలా ఉండేదాన్ని కోసి వదులు చేశారు. చిన్న ఆపరేషను, అదే రోజు ఇంటికి పంపించారు. తిమ్మిరి త్వరగానే తగ్గుతుందన్నారు. పట్టు రావడానికి మాత్రం నెలలు పడుతుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. మొహం మీదే చెప్పాడు, అందుకే ఆయనంటే మీ అన్నయ్యకి గౌరవం కలిగింది.

అది తర్వాతి సంగతి. కొండ దిగి వచ్చిన రోజు ఇంట్లోకి కూడా రాలేదు. నేరుగా కళ్ళజోడాయన కొట్టుకి వెళ్లారు. నేను వెనకాలే పరిగెత్తాను. కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే చెప్పేశారు, “పైపు మంచిదేరా. నా చెయ్యే మంచిది కాదు.” కళ్ళజోడాయన లోపల పెట్టుకున్న బెంచీని కాలితో బయటికి నెట్టాడు. ఇద్దరూ కూర్చున్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చి, దారం కొనడానికి వచ్చినదానిలా ఇటు తిరిగి నిలబడ్డాను. స్పేరు పార్టుల కొట్లో దారం ఏమిటో!

మర్నాటి నుంచి ఆపరేషను దాకా ఒకటే పని. ఈ మధ్య తన దగ్గరికి వచ్చిన బళ్ల వాళ్లందరి ఇళ్లకీ వెళ్లారు. “నా చేతికి జబ్బు చేసింది. మీ బండి మళ్లీ ఒకసారి చూడాలి” అని. కళ్ళజోడాయన తన కొట్లో ఉన్న మెకానిక్‌ని తోడు ఇచ్చాడు. చాలావరకు బాగానే ఉన్నాయి. రొట్టెల వ్యాను చక్రం నట్లు మాత్రం వదులుగా దొరికాయి. అది చూసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

కొందరు మెచ్చుకున్నారు. కొందరు ఆయన ముందే తాళాలు తీసుకుని వేరే షెడ్డుకి వెళ్తామన్నారు. “వెళ్లండి” అన్నారు ఈయన. ఇంటికి వచ్చాక, “వాళ్లదేం తప్పు, నేనైనా అదే చేస్తాను” అన్నారు.

ఇప్పుడు షెడ్డు తలుపు పూర్తిగా దించి ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని వీధిలో వెళ్లే బళ్ల చప్పుడు వింటున్నారు. ఏది ఏ జబ్బుతో వెళ్తోందో నాకు చెబుతున్నారు. నేను ఊ కొడుతున్నాను.

వదిన


జూన్ 9

వదినా,

నాకో ఆలోచన వచ్చింది. ఇక్కడ పాలకేంద్రంలో స్టోరు చూసుకునే మనిషి మానేశాడు. కూర్చుని చేసే పని, చేతికి శ్రమ లేదు, ఉండడానికి క్వార్టరు ఇస్తారు. అన్నయ్య గురించి మేనేజరుతో మాట్లాడాను, సరేనన్నాడు. మీ ఇద్దరూ ఇక్కడికే వచ్చెయ్యండి. నీ మిషను ఎక్కడైనా కుడుతుంది కదా. షెడ్డు ఎవరికైనా అప్పగించెయ్యొచ్చు.

వెంటనే రాయి. మేనేజరు ఎక్కువ రోజులు ఆగడు.

పిచ్చుక


జూన్ 15

పిచ్చుకా,

మేనేజరుని ఆగొద్దని చెప్పు.

నీ ఉత్తరం చదవగానే ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. “జాలి పడకు అన్నాను కదా దానికి” అని ఒకే మాట. నువ్వు ప్రేమతో రాశావని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కానీ మనిషిని అడక్కుండా ఆయన షెడ్డు ఎవరికో అప్పగించేశావు.

నిన్ను తిట్టడానికి రాయలేదు. నీ ఉత్తరం ఒక మేలు చేసింది. ఆయన లోపల గోడ వైపు తిరిగి పడుకుంటే నేను వెళ్లి అడిగేశాను, “నాకు నేర్పుతారా?” అని. “ఏమిటి?” అన్నారు. “బిగించడం” అన్నాను. తిరిగి నా వైపు చూశారు. నేను హాస్యమాడుతున్నానేమో అని చాలాసేపు చూశారు.

మిగతాది జరిగాక రాస్తాను.

వదిన


జులై 20

పిచ్చుకా,

నీ కారు తయారైంది. బస్సులో రా, కారులో వెళ్దువుగాని.

దాని ఇంజను విప్పింది ఎవరో తెలుసా? నేను. నవ్వకు. హెడ్డు చదును చెయ్యడానికి లేతు మిషను వాళ్ల దగ్గరికి పంపాం, మిగతాదంతా షెడ్డులోనే. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పారు, నేను చేశాను. మొదట్లో రోజూ పోట్లాటే. “కుట్టు పనిలా పట్టుకోకు, స్పానరు చివర పట్టుకో” అని ఆయన. “చెప్పేదేదో ఒకసారి చెప్పండి, తల మీద కూర్చోకండి” అని నేను. ఇంత గట్టిగా ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయనకి అది నచ్చినట్టుంది కూడా. స్టార్టు చేసినప్పుడు కళ్లు మూసుకుని విన్నారు. “ఊ” అన్నారు. ఆ ఊ కోసం పడ్డ పాట్లు నాకే తెలుసు.

నువ్వు చూసిన ఉద్యోగం సంగతికి ఆయన కోపం ఎప్పుడో పోయింది. “పిచ్చుక గూడు కట్టబోయింది పాపం” అన్నారు మొన్న.

ఆయన చేతికి తిమ్మిరి పోయింది. పట్టు కొంత వచ్చింది, ఇంకా రావాలి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన బిగించిన ప్రతిదీ నేను చూడాలి. నేను చూడకుండా ఏ బండీ గుమ్మం దాటకూడదు. ఇది ఆయన పెట్టిన షరతే.

నిన్న స్కూలు బస్సు వచ్చింది. ఈ ఊరికి కొత్తగా వచ్చిన డ్రైవరు. మాటలు తక్కువ మనిషి. తాళాలు ఇవ్వబోతుంటే మీ అన్నయ్య చెయ్యి చాపలేదు.

“ముందు వినండి. నా కుడిచేతికి ఆపరేషను అయింది, బలం పూర్తిగా రాలేదు. నేను బిగించింది మా ఆవిడ సరిచూస్తుంది. ఆవిడ ఈ పనికి కొత్త. ఇష్టమైతే వదిలి వెళ్లండి, లేదంటే నాలుగు కొట్ల అవతల ఇంకో షెడ్డు ఉంది, వాడూ మంచివాడే” అన్నారు.

డ్రైవరు ఆయన మణికట్టు మీద గీత చూశాడు, నన్ను చూశాడు. నా చీరకి గ్రీజు. “ఇక్కడే ఉండి చూడొచ్చా?” అని అడిగాడు. చూడొచ్చన్నారు.

పనంతా అయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. పిల్లలు ఎక్కే బండి పిచ్చుకా. ఆయన బిగించిన చక్రం నట్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను. అన్నీ బాగున్నాయి. ఒకటి కదిలింది. కొంచెమే. డ్రైవరు ఎదురుగా ఉన్నాడు. చెప్పకుండా బిగించేసి ముందుకి జరిగితే ఎవరికీ తెలియదు.

“ఇది కదులుతోంది” అన్నాను, అందరికీ వినపడేలా.

మీ అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. నట్టు మీద చెయ్యి వేసి చూశారు. సిగ్గుపడలేదు, సాకు చెప్పలేదు. “అవును. బిగించు” అన్నారు. బిగించాను. ఆయన మళ్లీ ఎడమచేత్తో చూసి తల ఊపారు. అప్పుడు లేచి, డ్రైవరు వైపు తిరిగి, అతను ఏమంటే అది వినడానికి సిద్ధంగా నిలబడ్డారు.

అతను బస్సెక్కి స్టార్టు చేశాడు, వీధి చివరిదాకా తీసుకెళ్లి, బ్రేకు వేసి చూసి, తిప్పుకుని వచ్చాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“మా స్కూలుకి ఇంకో రెండు బస్సులున్నాయి. ఎప్పుడు తీసుకురమ్మంటారు?” అన్నాడు.

ఆ మాట ఆయన్ని అడగలేదు పిచ్చుకా. నన్ను అడిగాడు.

నేను మీ అన్నయ్య వైపు చూశాను. ఆయన అప్పటికే అటు తిరిగి స్పానర్లు తుడుచుకుంటున్నారు, తనకి ఏమీ వినపడనట్టు.

“సోమవారం తీసుకురండి” అన్నాను.

నీ వదిన